ఇంటి గుట్టు మైకులో చెప్పే కాపరులం

రాయపురంలోని మన తెలుగు సంఘాల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. ఒక సహోదరి మంగళవారం కాపరి దగ్గర ఏడ్చి చెప్పుకున్న మాట, శుక్రవారం ఉపవాస కూటంలో 'ప్రార్థన విజ్ఞప్తి' అయిపోతుంది. పేరు చెప్పరు లెండి. 'హార్బరులో పనిచేసే ఒక సహోదరుని కుటుంబం' అంటారు, వీధంతటికీ అర్థమైపోతుంది. ఆ మైకు పట్టుకున్నది కాపరులమైన మేమే. దీన్ని కౌన్సెలింగ్ అని పిలవడం ఇక మానాలి.

వేదాంత కళాశాలలో మేము కౌన్సెలింగ్ ఒక సబ్జెక్టుగా చదివాం. అంతమాత్రాన చికిత్సకులం కాలేదు. భర్త కొడుతున్నాడని వచ్చిన స్త్రీని అతని పక్కనే కూర్చోబెట్టి 'చెప్పమ్మా' అంటున్నాం. దంపతులకు చికిత్స చేయడంలో శిక్షణ ఉన్నవారు ముందు ఆమెతో విడిగా మాట్లాడతారు. ఇంటికి వెళితే క్షేమమేనా అని అడుగుతారు. దెబ్బలు, భయం ఉన్నచోట ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడానికి తొందరపడరు. మా గదిలో ఆమె నిజం చెబితే ఆ రాత్రి దానికి శిక్ష అనుభవించేది ఆమే కదా! మేమేమో ఎఫెసీ పత్రికలో 'లోబడుడి' వరకే చదివి పంపిస్తాం. భర్తలకు రాసిన వచనాలు అక్కడే అంతకంటే ఎక్కువున్నాయి.

పక్క తడిపే పిల్లవాడికి నూనె రాస్తాం. మాట తగ్గించిన పిల్లకు దయ్యం పట్టిందంటాం. పిల్లలు నోటితో చెప్పలేని బాధను ఆటలతో, బొమ్మలతో బయటికి తెచ్చే చికిత్స ఉంది. ఒక్కోసారి మూలం పిల్లలో ఉండదు, అమ్మానాన్నల పోట్లాటలో ఉంటుంది. అప్పుడు కుటుంబమంతా కూర్చోవాలి.

'ఇదంతా లోకజ్ఞానం, విశ్వాసం చాలదా?' అనే పెద్దలకు ఒక మాట. లక్నోలో నూర్ మంజిల్ మానసిక వైద్య కేంద్రాన్ని 1950లో స్థాపించింది మిషనరీ స్టాన్లీ జోన్స్. వేలూరు సీఎంసీ వారి బాగాయం కేంద్రంలో రోగితోపాటు కుటుంబాన్నీ ఉంచి చికిత్స చేసే పద్ధతి 1950లలోనే మొదలైంది. గుండెకు వేలూరు పరుగెత్తే మనవాళ్లు మనసుకు మాత్రం వెళ్లరు. ఏలీయా చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవారికి గోప్యత హక్కు ఇచ్చింది. మన కూటాల్లో ఆపాటి హక్కు కూడా లేదు. మనకు దగ్గరలోనే ఉన్న స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. టెలీ మానస్ నెంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ నెంబరును మా మందిరంలో ఆడవాళ్లు చెప్పులు విడిచే చోట, గోడ మీద పెద్దగా రాయిస్తున్నాం. మైకులో విజ్ఞప్తులు చదవడం ఈ శుక్రవారం నుంచే ఆపేస్తున్నాం.