నోటికి మార్కుల్లేవు

వ్యాసరచన పోటీలకు న్యాయనిర్ణేతగా పిలిస్తే నేను కాదనను. టీ ఇస్తారు, శాలువా కప్పుతారు, ఓ కాగితాల కట్ట చేతిలో పెడతారు. పోయినేడాది ఏలూరులో అలాంటి పోటీకే వెళ్లాను. అంశం ‘మా ఊరు’. వచ్చిన పిల్లల్లో సగానికి పైగా కైకలూరు, మండవల్లి వైపు కొల్లేటి లంకల వాళ్లు. మొదటి కాగితం తీశాను. ఊరి చుట్టూ కొండలు, గలగలా పారే సెలయేళ్లు, పచ్చని పైరు. రెండోదాంట్లోనూ కొండలే. నాలుగోదాంట్లో కోయిలలు కూడా చేరాయి. లంకలో పుట్టినవాడికి కొండ కనపడాలంటే ద్వారకాతిరుమల దాకా పోవాలి. ఇంటి ముందు చేపల చెరువు, ఇంటి వెనక చేపల చెరువు. కాగితంలో మాత్రం ఒక్క చేపా లేదు.

కట్ట పక్కనపెట్టి బయటికొస్తే, వరండాలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు తోటివాళ్లకి రాత్రి తమ చేపల చెరువు సంగతి చెబుతున్నాడు. ‘‘రెండ్రోజుల్నించీ మబ్బేసింది కదరా. ఎండ లేకపోతే నీళ్లల్లో గాలి తయారవదు. తెల్లారగట్ల చూస్తే బొచ్చెలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచేస్తన్నాయి. నాన్న ముందు మేత ఆపేశాడు. మోటారేసి కొత్తనీళ్లు కొట్టించాడు. ఎండొచ్చాక గానీ మళ్లీ కిందికి దిగలా.’’ పక్కవాడు అడిగాడు, శీలావతులు తేల్లేదేంట్రా అని. ‘‘బొచ్చె ఆగలేదు, ముందు అదే తేలుద్ది. శీలావతి కాస్త ఓర్చుకుంటది.’’

ఏది ముందు చెప్పాలో, ఏది దాచి తర్వాత చెప్పాలో వాడికి తెలుసు. కారణం చెప్పాడు, అడ్డుప్రశ్నకి తడుముకోకుండా జవాబిచ్చాడు. లోపలికెళ్లి వాడి కాగితం వెతికి చూశాను. సెలయేళ్లే.

మాట్లాడే పిల్లాడు ఒకడు, రాసే పిల్లాడు ఇంకొకడు. ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఏళ్ల తరబడి పరిచయం చెయ్యకుండా పంపించేస్తున్నాం. హైస్కూల్లో భాష ఎదగడమంటే, నా దృష్టిలో, ఈ ఇద్దరూ ఒకడు కావడమే. కష్టమైన పదాలు, సామెతలు తర్వాత నేర్చుకోవచ్చు.

తప్పు పాఠ్యపుస్తకానిదని అననుగాక అనను. చాలా ఏళ్లుగా మన తెలుగు వాచకాల్లో పాఠం చివర ‘అవగాహన-ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ-సృజనాత్మకత’ అని అభ్యాసాలున్నాయి. పాఠం మధ్యలో ‘ఆలోచించండి - చెప్పండి’ అని ప్రశ్నలిచ్చారు. రాసినవాళ్ల ఉద్దేశం బంగారం. కానీ బజార్లో గైడు కొని తెరవండి. ఆ ‘ఆలోచించండి - చెప్పండి’కి కూడా జవాబులు అచ్చేసి ఉంటాయి! పిల్లాడి తరఫున ఆలోచించి, పిల్లాడి తరఫున చెప్పేసి, మిగిలిన బట్టీ పని వాడికి వదిలారు.

గైడు ఎందుకు గెలుస్తుందంటే లెక్క తేలికే. మన రాష్ట్ర బోర్డు పదో తరగతి తెలుగు పేపరు 100 మార్కులకి, మూడు గంటల పదిహేను నిమిషాలు. అంతా రాతే. ఆ నూటిలో నోటికి ఒక్క మార్కూ లేదు. సీబీఎస్‌ఈ వాళ్లు ఇంగ్లీషులో వినడానికీ మాట్లాడడానికీ వేరే పరీక్ష పెట్టి, ఇంటర్నల్ మార్కుల్లో దానికి చోటిచ్చారు. మన రాష్ట్రంలో వెయ్యి సర్కారు బడుల్ని ఆ బోర్డులో చేర్చి, 2024లో పదో తరగతి పిల్లల్ని తిరిగి రాష్ట్ర బోర్డు పరీక్షకే తెచ్చారు. అది మంచా చెడా అని బోలెడు చర్చ జరిగింది. నోటి పరీక్ష సంగతి ఆ చర్చలో ఎక్కడా వినపడలేదు నాకు.

పరీక్షలో పిల్లలు ఎలా రాయాలన్నది మనకి పాత తగువే. నూరేళ్ల కిందట స్కూళ్ల ఇనస్పెక్టరు జె.ఏ. యేట్స్, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఒక వైపు, పండితులు ఒక వైపు నిలబడి కొట్లాడింది ఎక్కువగా పరీక్షలో రాసే వ్యాసం గురించే. విద్యార్థి తన కాలపు తెలుగులో రాయొచ్చా, గ్రంథాల తెలుగులోనే రాయాలా అని. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం ఆ తగువులోదే. చివరికి పత్రికల్లోనూ పుస్తకాల్లోనూ వ్యావహారికం గెలిచింది. పిల్లల నోట్సులో మాత్రం గైడు భాష గెలిచింది. అది గ్రాంథికమూ కాదు, ఎవరింట్లోనూ మాట్లాడేదీ కాదు.

వక్తృత్వ పోటీలు మాత్రం మెరుగా? ‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి’తో మొదలెట్టి ఓ ముక్క మర్చిపోగానే మళ్లీ ‘గౌరవనీయులైన’ దగ్గరికే వస్తారు. పోనీ, బెదరకుండా మాట్లాడినవాళ్లనైనా సరిగ్గా చూశామా? కాకినాడ జిల్లా బెండపూడి హైస్కూలు పిల్లలు 2022లో అమెరికా యాసలో ఇంగ్లీషు మాట్లాడినప్పుడు సగంమంది మురిసిపోయారు, సగంమంది వెక్కిరించారు. ఇద్దరూ యాస దగ్గరే ఆగిపోయారు. పల్లెటూరి సర్కారు బడి పిల్లలు ముక్కూమొహం తెలియనివాళ్లతో బెదరకుండా మాట కలిపారన్నదే అక్కడ అసలు విశేషం. తెలుగులో ఆ ధైర్యం ఇంకా సులువుగా రావాలి కదా?

మా వదిన ఒకావిడ లంక ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరు. ఒక అమ్మాయి మూడేళ్ల నోట్సులు, పేరున్న అట్టలు తీసేసి, నా ముందు పెట్టింది. ఎనిమిదిలో ‘మా అమ్మ’ అనే వ్యాసం: తల్లి ప్రేమ వర్ణనాతీతం, అమ్మ కష్టజీవి. ఒక్క అక్షరదోషం లేదు. కింద ఎర్ర టిక్కు, గుడ్.

తొమ్మిదిలో వదిన పద్ధతి మార్చింది. రాసేముందు పక్కనున్న పిల్లకి చెప్పాలి. ఆ పిల్ల అడ్డుప్రశ్నలు వెయ్యాలి. ఆ జవాబులు వ్యాసంలోకి రావాలి. గైడు వాక్యం కనపడితే దాని పక్కన ‘ఇది ఎవరు చెప్పారు?’ అని రాసేది. ఈ పిల్లని పక్కపిల్ల అడిగిందట: మీ అమ్మ ఎన్నింటికి లెగుద్ది, వచ్చాక ఏం చేస్తది? అదే అంశం మళ్లీ రాసింది. అమ్మ రొయ్యల షెడ్డుకి చీకట్నే పోతుందని, తలలు తీసి తీసి ఐసులో వేళ్లు తెల్లగా ముడతలు పడతాయని, ఇంటికొచ్చాక గోరువెచ్చటి నీళ్లల్లో చేతులు పెట్టుకుని కూచుంటుందని, అప్పుడు పలకరించినా పలకదని. ఒత్తులు పోయాయి, దీర్ఘాలు పోయాయి, వాక్యాలు కొన్ని కుంటుతున్నాయి. వదిన ఆ పేజీలో ఎర్రసిరా పెట్టలేదు. ‘‘ముందు చెప్పాల్సింది దొరకనియ్యి, ఒత్తులెక్కడికి పోతాయి?’’ అంది. పదో తరగతి నోట్సులో ఒత్తులన్నీ వచ్చేశాయి మరి. తాగునీళ్ల మీద ఆ పిల్ల రాసిన కరపత్రాన్ని ప్రార్థన దగ్గర చదివించారట. మధ్యలో లెక్కల మాస్టారు ఏదో అడిగితే కాగితం మడిచి నోటితోనే జవాబు చెప్పిందట.

ఆ బడి లైబ్రరీలో అక్కినేని కుటుంబరావు గారి ‘కొల్లేటి జాడలు’ ఉందో లేదో అడగడం మర్చిపోయాను. ఉండాలి. మన చెరువూ మన దోనే నవలకి ఎక్కుతాయని ఆ పిల్లలకి తెలియాలి. తెలంగాణలో సిద్దిపేట వైపు జక్కాపూర్ బడి పిల్లల కథలు ఏకంగా పుస్తకంగా వచ్చాయి. ఏలూరు హేలాపురి బాలోత్సవం లాంటి వేదికలు మనకీ ఉన్నాయి. అక్కడ అంశాలు ఇచ్చేవాళ్లకి ఒక మనవి. ‘మా ఊరు’ అని ఇవ్వకండి. ‘మీ చెరువులో చేప తేలిన రోజు’ అని ఇవ్వండి. దానికి గైడులో జవాబు దొరకదు.

ఇదంతా రాస్తే టీచర్లు ఏమంటారో నాకు తెలుసు. సెక్షన్‌కి నలభై, యాభై మంది, పైగా యాప్‌లో హాజరు, ఫొటోలు. పదికొచ్చేసరికి డిసెంబరు నుంచే రివిజన్లు, స్లిప్ టెస్టులు, స్పెషల్ క్లాసులు. మాట్లాడించే తీరిక ఎక్కడిదండీ అంటారు. నిజమే. అందుకే ఈ పని పదిలో కాదు, ఎనిమిదిలో మొదలెట్టాలి. అందరి నోట్సులూ అక్షరం అక్షరం దిద్దక్కర్లేదు. వదిన వారానికి అయిదారుగురివే ఆసాంతం చదివి ప్రశ్న రాస్తుంది, మిగతావాటికి టిక్కు పెట్టేస్తుంది. తనిఖీకొచ్చిన అధికారి ఎవరైనా దిద్దని ఒత్తులు చూసి మెమో ఇవ్వబోతే, ముందు ఆ పేజీ రాసిన పిల్లని పిలిచి రెండు నిమిషాలు మాట్లాడమనండి.