ఆ ఎనిమిది లక్షలు ఏడాదికా, జన్మకా?

పోయినవారం పండుమిరపకాయ తొక్కులో ఉప్పు లెక్క చెప్పుకున్నాం కదా. ఈవారం వంటింట్లోంచి కాస్త బయటికొచ్చి బీరువా తలుపు తీద్దాం. మీ ఇంట్లో రిటైరైన పెద్దవాళ్లుంటే చీరల మడతల కింద ఒక ఆరోగ్య కార్డు ఉండే ఉంటుంది. దాని సంగతి మీకెంత తెలుసు? నాకైతే అంతా తెలుసనుకున్నాను. అదే నా పొరపాటు.

మా మామయ్య ముప్ఫై నాలుగేళ్లు సింగరేణిలో బాయి దిగారు. 2018లో రిటైరై మా జూలూరుపాడు వచ్చేశారు. రిటైరయ్యేనాడు వైద్య పథకంలో చేరాలంటే 40,000 రూపాయలు కట్టాలన్నారు. కార్మికులంతా సీపీఆర్‌ఎంఎస్ కార్డు అంటారే, అదే. భార్యాభర్తలిద్దరికీ వర్తిస్తుంది. ఒక్కసారి కడితే సరి, ఏటేటా ప్రీమియం గొడవ లేదు. 2017లో కుదిరిన పదో వేజ్‌బోర్డు ఒప్పందంతో దాని పరిమితి 8 లక్షలకు పెరిగింది.

నలభై వేలంటే మావారు గునిశారు. చేలో మోటారు మార్చుకోవచ్చు కదా అని ఆయన బాధ. నేను చీటీ వెనక లెక్క వేశాను. ఇరవై ఏళ్లకు పంచితే ఏడాదికి 2,000, నెలకు 166 చిల్లర. మనింట్లో టీపొడికి అంతకంటే ఎక్కువే అవుతోందండీ అన్నాను. కట్టేశాం.

నాలుగేళ్ల కిందట మా అత్తయ్య బోరు దగ్గర పాచి మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. కొత్తగూడెం తీసుకెళ్తే అక్కడి నుంచి హైదరాబాదు పంపారు. ఆపరేషన్ బాగా జరిగింది, 2,15,000 బిల్లు కార్డు మీదే పోయింది. పైసా కట్టలేదని ఊళ్లో అందరికీ గొప్పగా చెప్పాను.

పైసా కట్టలేదా! ఇంటికొచ్చాక బ్యాగులో చీటీలన్నీ మంచం మీద పోసి కూడాను. కారు పోనూరానూ 13,000. తొమ్మిది రోజులు మా ఇద్దరి తిండికీ గదికీ 7,200. చేతి తొడుగులు, డైపర్లు, ఇంకా పేర్లు తెలియనివేవో ‘ఇవి కార్డులో రావమ్మా’ అని ఆ ఆస్పత్రి కౌంటరులో కట్టించుకున్నవి 4,300. నడవడానికి వాకరు 1,400. ఇంటికొచ్చి కాలు కసరత్తు చేయించినతనికి రోజుకు 400 చొప్పున ఇరవై అయిదు రోజులకు 10,000. తర్వాత మందులకు 5,600. మొత్తం 41,500. కార్డుకు కట్టిన దానికంటే చేతి నుంచి పోయిందే ఎక్కువ! అదీ పత్తి ఏరే రోజుల్లో, ఇంట్లో ఇద్దరం లేకుండా పోయిన నష్టం కలపకుండా.

ఇక్కడ ఇంకో మాట. బొగ్గుగని పింఛనుకు (1998 నాటి పథకం అది) కరువు భత్యం ఉండదు. రిటైరైననాడు ఎంతో ఈరోజూ అంతే. కారు కిరాయి మాత్రం అంతే ఉండదు కదా.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఈ 8 లక్షలు ఏడాదికేడాది కొత్తగా వస్తాయని నేననుకున్నాను, ఉగాదికి కొత్త క్యాలెండరు వచ్చినట్టు. మామయ్యతో పనిచేసిన ఆయన ఒకరు కాఫీ తాగుతూ, ‘ఎక్కడమ్మా, అది జన్మానికంతటికీ. అదీ ఇద్దరికీ కలిపి’ అన్నారు. నా చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. అంటే ఇంక మిగిలింది 5,85,000. ఇద్దరిదీ ఒకే సంచి.

ఆ మాట అత్తయ్య చెవిన పడింది. అప్పటికే ఆవిడ కుడికంట్లో శుక్లం ముదిరింది. దీపం చుట్టూ పొగ కమ్మినట్టుందనేది. ఆపరేషన్ చేయిద్దామంటే ససేమిరా అంది. ‘నా కన్ను సంగతి తర్వాత చూద్దాం. బాయి దుమ్ము మింగిన మనిషి, రేపు మీ మామకు ఊపిరాడకపోతే ఆ డబ్బులుండొద్దూ?’ అంది. రాత్రిపూట గోడ పట్టుకుని నడిచేది. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అప్పట్నించీ ఏ కార్డు చూసినా నా మొదటి ప్రశ్న ఒకటే. ఈ మొత్తం ఏడాదికా, జన్మకా? ఒక్కరికా, ఇంటికంతా కలిపా? రేషన్ కార్డున్న ఇళ్లకు ఆరోగ్యశ్రీ ఉంది చూడండి, 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు. అది ఇంటికి ఏడాదికి. కేంద్రం 2024 అక్టోబరులో డెబ్బై దాటిన వాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా తెచ్చిన ఆయుష్మాన్ కార్డు 5 లక్షలు. అదీ ఏడాదికే, ప్రీమియం లేదు. మాది జన్మకి. అంకె పెద్దదని మురిసిపోతే సరిపోదు.

మా వీధిలో పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయనది కేంద్ర ప్రభుత్వ పింఛను కాబట్టి లెక్కే వేరు. సీజీహెచ్‌ఎస్‌లో చేరితే హోదాను బట్టి చందా నెలకు 250 నుంచి 1,000 దాకా, 2017లో పెట్టిన రేట్లవి. పదేళ్ల చందా ఒకేసారి కడితే జీవితాంతం మళ్లీ అడగరు. ఆ డిస్పెన్సరీ మన అడవి దాపున ఎక్కడుంది? దూరం పోవాల్సిందే. అందుకే మందులకని నెలకు 1,000 రూపాయల వైద్య భత్యం తీసుకుంటున్నారు. మా పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారు. ఒకసారి కార్డు మీద పని కాక ముందు తన డబ్బు కట్టి, తర్వాత బిల్లులు పెట్టుకుంది. ఆ డబ్బు వచ్చేదాకా మనవరాలి గాజులు తాకట్టులోనే ఉన్నాయి. బిల్లు పెట్టుకోవచ్చు అంటే ముందు మన చేతిలో డబ్బుండాలని అర్థం వదినా, అనేదామె.

కార్డులన్నీ ఎందుకు, బయట పాలసీ తీసుకుందామంటారా? 2025 సెప్టెంబరు 22 నుంచి ఇంటి ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, మంచిదే. కానీ అరవై దాటాక కొత్తగా తీసుకుంటే ప్రీమియం బరువే. ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు కూడా. మా ఇంటికి అది పొసగదని వదిలేశాను.

ఇప్పుడు పాలచీటీ పక్కనే ఒక నోటుబుక్కు పెట్టాను. ఎడమ పేజీలో కార్డులో మిగిలింది, కుడి పేజీలో చేతి ఖర్చు. దానికని పాల డబ్బుల్లోంచి నెలకు 700 పోస్టాఫీసులో వేస్తున్నాను. మామయ్య బీపీ మాత్రలకు కొత్తగూడెం కంపెనీ ఆస్పత్రికే వెళ్తారు, బస్సు ఛార్జీలతో పోతుంది. వైద్యానికి ఎక్కడికి పంపినా, ఎంత కోసుకున్నారో చీటీ అడిగి తెచ్చుకుంటాం. కార్డులో భార్య పేరు, ఫొటో సరిగా ఉన్నాయో లేదో కూడా ఒకసారి చూసుకోండమ్మా. ఆధార్‌లో ఒక పేరు, కార్డులో ఇంకో పేరు ఉంటే ఆస్పత్రి వాకిట్లో నిలబడాల్సింది ఆవిడే.

అత్తయ్య కన్ను మాటేమిటంటారా? ప్రభుత్వాస్పత్రిలో శుక్లాల ఆపరేషన్ ఉచితమని నాకు ఆలస్యంగా తట్టింది. అంధత్వ నివారణకని 1976 నుంచీ ఉన్న పథకం అది. ‘కార్డు తియ్యను, బీరువాకు తాళమేసి తాళంచెవి నీ కొంగునే కడతా’నంటే అప్పుడొప్పుకుంది. ఉదయం చేరిస్తే అద్దం కూడా వాళ్లే వేశారు. ఖర్చు బస్సుకూ టిఫిన్లకూ కలిపి 460.

కట్టు విప్పిన నాలుగో రోజు అత్తయ్య నేను చెరిగిన బియ్యం చేట ముందేసుకుని కూర్చుంది. పదకొండు రాళ్లు ఏరి అరచేతిలో పోసి చూపించింది.