నట్టింటికి వచ్చిన నవ్వు

ఓరుగల్లు నగరమునకు హాస్యము క్రొత్తది కాదు. 15వ శతాబ్దమున వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇద్దరు మిత్రులు కాకతీయుల నాటి ఈ పట్టణమును ఒక దినమెల్ల చుట్టివత్తురు. కోడిపందెములు చూతురు, పూటకూళ్ల ఇంటి భోజనమును ప్రస్తుతింతురు, కంటబడినవారినెల్ల పరిహసింతురు. ఓరుగంటి వీథులు ఆ కావ్యమున నేటికిని సందడిగా ఉన్నవి. ఐనను పిల్లలయెదుట చదువరాని శృంగారఘట్టములును అందు కలవు. ఆ కారణమున గ్రంథమునెల్ల అటకమీద పెట్టిన ఉపాధ్యాయుడు పిల్లలకు ఒక పట్టణమునే పోగొట్టినవాడగును. ఏమియు విచారింపక సాంతము చదివి వినిపించినవాడు తన బాధ్యతను మరచినవాడగును. ఏది వినిపింపవలెనో, ఏది విడువవలెనో ఎరిగినవాడే గురువు.

అదే ప్రశ్న నేడు వేరొక రూపమున ఆ నగరపు ఇండ్లకు వచ్చినది. ఆదివారము మధ్యాహ్నము భోజనములైన పిమ్మట వరంగల్లులోగాని, హనుమకొండలోగాని, కాజీపేటలోగాని టెలివిజనుపైనో చేతిఫోనులోనో ఒక పాత హాస్యచిత్రమో, తెలివిదొంగల కథయో నడచుచుండుట సామాన్యదృశ్యము. ఇట్టి చిత్రములు ఇంట చూడదగినవా? ఈ విషయమున పెద్దలు రెండు తెగలుగా చీలియున్నారు. హాస్యము కాలహరణమనియు, దొంగతనమును వేడుకగా చూపు కథ పిల్లలను చెరుపుననియు కొందరి మతము. నవ్వు నవ్వే గదా, దానికి ఇంత విచారణ ఏలయని తక్కినవారి మతము. ఇరువురును నవ్వుయొక్క బలమును తక్కువగా అంచనా వేయుచున్నారు. పిల్లవానికి పాఠముకంటె నవ్వు త్వరగా పట్టుబడును. కనుకనే అది విలువైనది, కనుకనే పరీక్షింపదగినది.

పరీక్షలో మొదటి ప్రశ్న: ఆ నవ్వు ఎవరిమీద పడుచున్నది? భరతముని నాట్యశాస్త్రమున స్మితము మొదలుకొని అతిహసితము వరకు నవ్వును ఆరు విధములుగ విభజించి, మెల్లని నవ్వును ఉత్తములకును, పెద్దనవ్వును అధములకును చెప్పెను. నేటి ఇంటికి ఆ కొలత చాలదు. ఎంత బిగ్గరగా నవ్విరనుటకంటె ఎవరిని చూచి నవ్విరనుట ముఖ్యము. లోభము, డంబము, అధికారమదము మనుష్యుడు తెచ్చిపెట్టుకొన్న దోషములు. వానిని చూచి నవ్వుట ఒక చికిత్స. నత్తి, చెవుడు, నల్లని మేను, స్థూలకాయము, పేదరికము ఎవరును కోరి తెచ్చుకొన్నవి కావు. వానిని చూచి నవ్వుట గాయముమీద కొట్టుట. తెలుగు హాస్యచిత్రములలో ఈ రెండు తెగల నవ్వును కలగలసియే ఉన్నది. ఒక్కొక్కప్పుడు ఒకే చిత్రమున ఉన్నది.

1962లో వెలువడిన ‘గుండమ్మ కథ’లో సూర్యకాంతమును చూచి ప్రేక్షకుడు కడుపుబ్బ నవ్వును. ఆ నవ్వు సవతికూతురిచేత ఇంటిచాకిరి యంతయు చేయించుకొనిన గుండమ్మ కాఠిన్యముపై పడును. గర్వమణగిన పిమ్మట కథ ఆమెను దిక్కులేనిదానిగ విడిచిపెట్టదు; పిల్లలచెంతకే చేర్చును. నవ్వి, శిక్షించి, తుదకు ఆదరించు హాస్యము ఏ ఇంటనైనను కూర్చుండదగినది.

ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వమున 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ ఉపాధ్యాయుల ఇండ్లలో మరింత ప్రీతితో చూడదగినది; ఏలయన అది బడిపంతుళ్ల కథ. దంపతులకే ఉద్యోగమను ప్రకటనను చూచి, పట్టభద్రులైన ఇద్దరు నిరుద్యోగులు భార్యాభర్తలమని బొంకి ఒక గ్రామపాఠశాలలో చేరుదురు. ఒక్క బొంకును కాపాడుటకు పది బొంకులు కావలసివచ్చును. నవ్వంతయు ఆ చిక్కులోనిదే. ఐనను ఈ చిత్రమును ప్రశ్నకు అతీతము కాదు. క్రైస్తవకుటుంబమున పెరిగిన మేరీ, జమీందారు ఇంట ఎన్నడో తప్పిపోయిన మహాలక్ష్మియేయని తుదకు తేలును. వివాహమునకు అడ్డు తొలగును. అట్లు తేలకుండినచో ఏమయ్యెడిది? ఆమె మేరీగానే ఉండి అతనిని పెండ్లాడుట సమ్మతమయ్యెడిదా? పదవ తరగతి చదువు బాలిక ఒకతె తల్లిని ఈ మాట అడిగెనేని ఆ ఇంట ఆ మధ్యాహ్నము వ్యర్థము కానట్లే. ఇట్టి ప్రశ్నకు తట్టుకొని నిలుచుటయే మంచి చిత్రమునకు గుర్తు.

ఇక తెలివిదొంగల కథలు. వీనిని పాశ్చాత్యుల నుండి దిగుమతియైన వేడుకయని త్రోసివేయువారు శూద్రకుని మృచ్ఛకటికమును మరచుచున్నారు. ఆ రూపకమున తృతీయాంకమందు శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నము వేయును. కన్నమునకు ఏ ఆకారము తగునని శిల్పివలె ఆలోచించును. కొలతాడు మరచి వచ్చి జందెముతో కొలుచును. చదువరి నవ్వును, కొంత మెచ్చుకొనును. కాని తన ప్రియురాలైన దాసి మదనికను విడిపించుకొనుటకై దొంగ తెచ్చిన నగలు ఆమె యజమానురాలైన వసంతసేనవేయని తేలినప్పుడు ఆ నేర్పంతయు సిగ్గుగా మారును. 1958లో మారియో మొనిచెల్లి తీసిన ఇటలీ చిత్రమొకదానియందు ఒక దొంగలగుంపు తాకట్టుదుకాణమును దోచుటకు ఎన్నో పథకములు వేసి, తుదకు వేరొక గోడను పగులగొట్టి వంటయింట తేలి, అక్కడ ఉన్న శనగల వంటకమును తినుచు కూర్చుండును. ఒకరు సరిగా కొలిచిరి, ఒకరు తప్పుగా కొలిచిరి. రెండుచోట్లను నవ్వు దొంగమీదనే పడినది.

తెలుగున ఈ కోవకు రాంగోపాల్ వర్మ దర్శకత్వమున 1991లో వచ్చిన ‘క్షణ క్షణం’, శివనాగేశ్వరరావు దర్శకత్వమున 1993లో వచ్చిన ‘మనీ’ చెందును. ‘మనీ’లో చేత కాసులేని ఇద్దరు యువకులు ధనికుని భార్యను ఎత్తుకొనిపోయి సొమ్మడుగగా, ఆమె తిరిగిరాకుండుటయే భర్తకు కావలసినదని తేలును. పెద్దమనుష్యుని ఇంటిలోని దొంగ బయటపడుట ఆ కథకు గల నీతి. ‘క్షణ క్షణం’ బ్యాంకును దోచిన సొమ్ము చుట్టును తిరుగును. భయపడుచునే పరుగెత్తు సామాన్యయువతిగా శ్రీదేవి నటన ముచ్చటైనది. ఐనను ఆ సొమ్ము ఎవ్వరిదియు కానట్లు కథ సాగిపోవును. అది ఎవరు దాచుకొన్న డబ్బని చూచువారిలో ఒకరు అడుగవలెను. తెలివిదొంగల కథకు పరీక్ష ఇదియే: సొమ్ము పోయినవాని ముఖము కథలో ఎక్కడనైనను కనిపించునా? కనిపింపనిచో దానిని చూపవలసిన భారము ఇంటి పెద్దలది.

ఈ భారమును ప్రభుత్వమునకు వదలివేయవచ్చునని కొందరు తలంతురు. 1952 నాటి చలనచిత్రచట్టమునకు 2023లో జరిగిన సవరణవలన, పెద్దల పర్యవేక్షణలో పిల్లలు చూడదగిన చిత్రములు ఏడు, పదమూడు, పదునారు ఏండ్ల వయస్సునుబట్టి మూడు తరగతులైనవి. ఇది మేలైన ఏర్పాటు. కాని యోగ్యతాపత్రము పిల్లవానిప్రక్క కూర్చుండుమని తండ్రికి చెప్పును. కూర్చుండి ఏమి మాటాడవలెనో చెప్పదు.

ప్రక్క కూర్చుండుటయే నేడు అరుదైనది. 1980వ దశకమున వీథికి ఒకటి రెండు టెలివిజనులున్న రోజులలో ఇరుగుపొరుగువారు చాపలు పరచుకొని ఒకే చిత్రమును చూచెడివారు. తగనిచోట నవ్విన బాలుని అవ్వ ఒక్క చూపుతో మందలించెడిది. నేడు ఒకే ఇంట నలుగురు నాలుగు ఫోనులలో నాలుగు నవ్వులు నవ్వుచున్నారు. హాస్యచిత్రములు ఇంట చూడదగినవి, పదిమందితో కలిసి చూడదగినవి. ఫోనులో ఏకాంతముగ చూచు పిల్లవానికి మందలింపును లేదు, సంభాషణయును లేదు. ఉత్తమచిత్రము కూడ అట్టివానికి సగమే అందును.

ఆదివారపు చిత్రము సోమవారము బడికి వచ్చును. వెనుకవరుసలోని నత్తిగల బాలుడు పాఠము చదువ లేచినప్పుడు తరగతి యంతయు తెరమీది హాస్యగాని గొంతును అనుకరించినచో, ముందునాడు ఆ ఇండ్లలో ఏమి జరిగెనో ఉపాధ్యాయునకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ బాలుడు తడబడి చదువుచుండగా తరగతి ఓపికతో విని, విరామవేళ ‘మిస్సమ్మ’లోని బొంకులను తలచుకొని అతనితో కలసి నవ్వినచో, ఆదివారము వ్యర్థము కాలేదు.