మఠకన్యల పాలన, మహిళల నాయకత్వం

కథోలిక తిరుసభలో గురుపట్టం (ప్రీస్టు హోదా) పురుషులకే పరిమితం. దివ్యబలిపూజ సమర్పించే అధికారం గానీ, మేత్రాసనాన్ని (బిషప్ పరిధిలోని ప్రాంతాన్ని) పాలించే అధికారం గానీ స్త్రీకి ఇవ్వని ఆ వ్యవస్థ నుంచే, అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలు అధ్యక్షపీఠం మీద స్త్రీని ఊహించడానికైనా సిద్ధపడని రోజుల్లో, కళాశాలలు స్థాపించి, భవనాలు కట్టించి, ఆచార్యులను నియమించి, అప్పులు తీర్చిన స్త్రీలు వచ్చారు. ఇదంతా భక్తి మహిమ అనో, తిరుసభ ఔదార్యం అనో చెప్పి ఊరుకోవడం సులువు. ఇండియానా రాష్ట్రంలో నోట్రడామ్ విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న సెయింట్ మేరీస్ మహిళా కళాశాల చరిత్రను దగ్గరగా పరిశీలిస్తే మాత్రం, ఆ నాయకత్వానికి విశ్వాసం ప్రేరణ అయినా, దానికి నిలబడే శక్తినిచ్చింది ఆ విశ్వాసం ధరించిన సామూహిక జీవనరూపమేనని స్పష్టమవుతుంది.

మఠసభ అంటే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు పట్టి, ఒకే నియమావళి కింద కలిసి బతికే సంఘం. బయటివారికి ఇందులో విధేయతే కనిపిస్తుంది గానీ, లోపల పూర్తిస్థాయి పాలనా యంత్రాంగం ఉంటుంది. సభ్యుల ప్రతినిధులు జనరల్ చాప్టర్‌గా సమావేశమై నిర్ణీత కాలానికి తమ పెద్దను ఎన్నుకుంటారు. ఆమెకు సలహామండలి ఉంటుంది. ఆస్తి సభ పేరు మీద ఉంటుంది. రేపు బాధ్యత మోయవలసిన వారిని ఈరోజే గుర్తించి చదివిస్తారు. 1843లో ఫ్రాన్స్ నుంచి నోట్రడామ్‌కు వచ్చిన నలుగురు హోలీ క్రాస్ సిస్టర్లకు అప్పగించిన పని అక్కడి గురువుల బట్టలుతకడం, రోగులను చూసుకోవడం, ఇంటిపనులు నడపడం. మరుసటి ఏడాదికే వారు మిషిగన్ రాష్ట్రంలోని బెర్‌ట్రాండ్‌లో ఆడపిల్లల బడి తెరిచి, 1855లో దానిని సెయింట్ మేరీస్ ఇప్పుడున్న స్థలానికి తరలించారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో మదర్ ఏంజెలా గిలెస్పీ నాయకత్వంలో దాదాపు 80 మంది సిస్టర్లు సైనిక ఆసుపత్రులలోనూ, రెడ్ రోవర్ అనే ఆసుపత్రి నౌకలోనూ సేవ చేశారు. 1869లో ఈ శాఖ ఫ్రాన్స్‌లోని మాతృసభ నుంచి విడివడి స్వతంత్ర సభ అయింది. చాకిరీకి పిలిపించుకున్న స్త్రీలు పాతికేళ్లకే తమ సంస్థలను తామే నడుపుకొనే స్థాయికి చేరారంటే, వ్యక్తుల ప్రతిభ ఒక్కటే అందుకు చాలదు. ఒకరు అలసిపోతే మరొకరు అందుకొనే ఏర్పాటు ఉండాలి, అది వారికి ఉంది.

ఆ ఏర్పాటు ఇచ్చిన స్వేచ్ఛను సంపూర్ణంగా వాడుకున్న వ్యక్తి 1934 నుంచి 1961 వరకు కళాశాల అధ్యక్షురాలిగా ఉన్న సిస్టర్ మాడలీవా వుల్ఫ్. ఆమె కవయిత్రి, మధ్యయుగ ఆంగ్ల సాహిత్యంలో పండితురాలు, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన మఠకన్య. 1941లో నల్లజాతి విద్యార్థినులకు కళాశాల తలుపులు తెరిచింది ఆమె హయాంలోనే. అయితే ఆమె చేసిన పనులలో అతి ముఖ్యమైనది 1943లో ప్రారంభించిన పవిత్ర దైవశాస్త్ర పాఠశాల. దైవశాస్త్రం, అంటే విశ్వాస విషయాలను తర్కంతో, గ్రంథ పరిశీలనతో శోధించే శాస్త్రం, ఆనాడు గురువులకూ గురువిద్యార్థులకూ మాత్రమే దక్కే చదువు. ఉన్నత స్థాయిలో దానిని స్త్రీలకు నేర్పే కథోలిక సంస్థ అమెరికాలో లేదు. ఎవరో చేర్చుకుంటారని ఎదురుచూడకుండా మాడలీవా తన ప్రాంగణంలోనే ఆ పాఠశాలను తెరిచి, ఎం.ఏ., డాక్టరేట్ పట్టాలు ఇప్పించారు. బోధించినవారిలో ఎక్కువమంది గురువులే అయినా, ఎవరిని పిలవాలో, ఏమి బోధించాలో నిర్ణయించే అధికారం ఒక స్త్రీ చేతిలో ఉండటం అంతకుముందు ఎరుగని సంగతి. మత సంస్థలో అధికారం అంతిమంగా గ్రంథాన్ని వ్యాఖ్యానించే వారి చేతికే వస్తుంది కనుక, ఆ చదువు లేని స్త్రీ ఎంత పెద్ద పదవిలో ఉన్నా ఒకరి అర్థాన్ని అమలుచేసే మనిషిగానే మిగులుతుంది. మాడలీవా పట్టుకున్నది సరిగ్గా ఈ ముడినే.

పట్టాలు చేతికి రాకుండానే పాఠాలు చెప్పడానికి బడులకు పంపేసిన సిస్టర్లు ఏటా వేసవి సెలవులలో చదువుతూ డిగ్రీకోసం ఏళ్ల తరబడి పాకులాడే దుస్థితిని కూడా ఆమె 1949లో సిస్టర్ లూసీ అనే కల్పిత యువతి చదువు గురించి సమర్పించిన పత్రంలో ఎండగట్టారు; ఆ చర్చే 1954లో సిస్టర్ల చదువు, శిక్షణ కోసం సిస్టర్ ఫార్మేషన్ కాన్ఫరెన్స్ ఏర్పాటుకు దారితీసింది. అంతకన్నా దూరం వెళ్లిన ఫలితం మరొకటి ఉంది. తరువాతి కాలంలో తిరుసభ పితృస్వామ్యాన్ని తీవ్రంగా విమర్శించి, చివరికి ఆ సభనే వదిలి వెళ్లిన మేరీ డేలీ తొలి డాక్టరేట్ పొందింది ఈ పాఠశాలలోనే. దీనిని కళాశాల వైఫల్యంగా లెక్కించేవారు ఉండవచ్చు. కానీ ప్రశ్నించే శక్తినివ్వని దైవశాస్త్రం బోధన అనిపించుకోదు గనుక, డేలీ కూడా ఆ సంస్థ సాఫల్యంలో భాగమే.

ఈ కథలో అంతగా చర్చకు రాని అధ్యాయం 1960ల చివరలో మొదలవుతుంది. తిరుసభలో సంస్కరణలు తెచ్చిన రెండవ వాటికన్ మహాసభ అనంతరం మఠాలలో చేరేవారు తగ్గారు. అమెరికాలో 1965లో సుమారు 1,80,000 ఉన్న సిస్టర్ల సంఖ్య నేడు 40,000 లోపుకు పడిపోయింది. జీతం తీసుకోకుండా పాఠాలు చెప్పిన సిస్టర్ల శ్రమ మీద నిలిచిన కళాశాలలకు ఇది ఆర్థికంగానూ పెద్ద దెబ్బ. 1971లో నోట్రడామ్‌తో విలీనం ప్రతిపాదన వచ్చి, చర్చలు విఫలమై, 1972లో నోట్రడామ్ తానే స్త్రీలను చేర్చుకోగా, సెయింట్ మేరీస్ విడిగా నిలబడింది. స్వాతంత్ర్యం దక్కింది గానీ, ఆ ఏడాది నుంచి 1997 వరకు, అంటే పాతికేళ్లపాటు, ఈ మహిళా కళాశాల అధ్యక్షపీఠం మీద కూర్చున్నవారందరూ పురుషులే. 1997లో మారిలూ ఎల్‌డ్రెడ్ రావడంతో గానీ మఠకన్య కాని స్త్రీకి ఆ పదవి దక్కలేదు. అమెరికాలో స్త్రీల ఉద్యమం ఉధృతంగా సాగిన కాలం కూడా ఆ పాతికేళ్లలోనిదే కావడం గమనార్హం. విద్యార్థినులు మాత్రమే ఉన్నంత మాత్రాన మహిళా నాయకత్వం దానంతటదే పుట్టదని, మఠసభ తన సభ్యులకు ఇచ్చిన శిక్షణ, నమ్మకం, వారసత్వపు క్రమం తన దగ్గర పనిచేసిన సాధారణ స్త్రీలకు అందలేదని ఈ పాతికేళ్లు రుజువుచేస్తున్నాయి. సిస్టర్ల నాయకత్వాన్ని మనసారా గౌరవించేవారు కూడా ఈ లోపాన్ని దాచకూడదు.

తెలుగునాట ఏలూరు సెయింట్ థెరెసా, బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్, విజయవాడ మారిస్ స్టెల్లా కళాశాలలను నెలకొల్పినవి కూడా మఠసభలే. స్వతంత్ర భారతంలో ఆడపిల్లను దూరపు ఊరికి పంపడానికి జంకిన తల్లిదండ్రులు సిస్టర్ల హాస్టల్ అంటే ధైర్యం చేశారు. వారిలో అత్యధికులు కథోలికులు కారు. మఠాలలో చేరే యువతుల సంఖ్య ఇక్కడ అమెరికాలో లాగా కుప్పకూలలేదు కాబట్టి, పాలన చేతులు మారే సమస్య ఇంకా తలుపు తట్టలేదు. తట్టకముందే చేయవలసిన పని ఉంది. ఏళ్లతరబడి అక్కడే పాఠాలు చెబుతున్న హిందూ, ముస్లిం, క్రైస్తవ మహిళా అధ్యాపకులకు పాలకమండలిలో, నిధుల నిర్ణయాలలో, ప్రిన్సిపాల్ ఎంపికలో నిజమైన పాలు ఇవ్వడానికి అనువైన సమయం, నేర్పగల సిస్టర్లు నిండుగా ఉన్న ఈ కాలమే.