అంగడి కొసరు, అంగడి లెక్క

ఏరువాక సమీపించుచున్నది. విత్తనములకును ఎరువులకును మన రైతులు అంగళ్ల చుట్టు తిరుగు దినములు వచ్చినవి. ఏ సరకు ఎక్కడ దొరకును, ఎవరు అరువిత్తురు, బస్తాకు ఎవరు పది రూపాయలు తగ్గింతురు అను మాటలే ఇప్పుడు ప్రతి రచ్చబండ యొద్దను వినవచ్చుచున్నవి. కావున మన తాతల నాటి అంగళ్లు ఎట్టివి, నేటి యంగళ్లు ఎట్టివి, మన సంఘపు అంగడి ఎట్టిది కావలెను అను విషయమును గూర్చి ఈ నెల సభ్యులతో కొంత ముచ్చటింపదలచితిమి.

పూర్వము పల్లెలలో అంగళ్లు పలు తీరుల నుండెను. ఊరి నడుమ శెట్టిగారి పచారీకొట్టు ఉండెడిది. తెలంగాణమున దానిని కిరాణా దుకాణ మందురు. ఉప్పు, చింతపండు, బెల్లము, మిరియములు, శొంఠి, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, పసుపు కుంకుమలు సమస్తమును ఆ యొక్క గదిలోనే దొరకెడివి. గానుగ యొద్ద నూనె, మగ్గము యొద్ద బట్ట, ఆవము యొద్ద కుండ కొనెడివారు. అచ్చట చేసినవాడే అమ్మువాడు. గాజుల మలారమును మోసికొని యొకడు, బట్టల మూటను భుజమున వేసికొని యొకడు ఇంటి వాకిటికే వచ్చెడివారు. వారమున కొకనాడు సంత. అచ్చట రైతే యొక గోనెపట్ట పరచుకొని కూరగాయల యంగడివాడగును. ప్రొద్దు వాలునప్పటికి దానిని చుట్టి, వచ్చిన డబ్బుతో పలుపుత్రాళ్లో, ఎండుచేపలో కొనుక్కొని ఇల్లు చేరును. ప్రొద్దున అమ్మినవాడే సాయంకాలమున కొనువాడు.

ఆ యంగళ్లలో డబ్బుకంటె ధాన్యమే యెక్కువ చెల్లెడిది. ఇల్లాండ్రు చేటలో వడ్లు తెచ్చి పోసి, ఉప్పో చింతపండో తీసికొని పోయెడివారు. గింజలకు 4 గిద్దెలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 2 మానికలు అడ్డ, 2 అడ్డలు కుంచము. తూకమునకు 8 వీశెలు మణుగు, 20 మణుగులు పుట్టి. లెక్క యిట్లుండినను, ఈ యూరి మానికయు పొరుగూరి మానికయు ఒక్కటిగా నుండెడివి కావు. పొంగుగా కొలిచి పుచ్చుకొనుట, చదునుగా కొలిచి యిచ్చుట అను విద్య యొకటి ఉండనే యుండెను. ఆ లోటును కప్పుటకే కాబోలు, కొలిచిన పిమ్మట శెట్టిగారు ఒక పిడికెడు అదనముగా వేసెడివారు. దాని పేరు కొసరు. పిల్లవాడు వచ్చినచో ఆ కొసరు బెల్లపుముక్క యగును. కొసరు వేయని యంగడికి మరల నెవరును పోయెడివారు కారు.

ఆ దుకాణములను మేము నిందింపము. అర్ధరాత్రమున ఇంట మరణము సంభవించినపుడు, తెల్లవారిన పెండ్లి యనగా సరకు తక్కువైనపుడు, తలుపు తట్టిన లేచి వచ్చి ఇచ్చినది ఆ శెట్టిగారే. వాన లేని యేట బాకీని మరుసటి యేటికి త్రోసినదియు ఆయనయే. ఎవరి చేనెంత, ఎవరి మాట యెట్టిది అనునది ఆయనకు కంఠస్థము. అయితే ఇచ్చిపుచ్చుకొన్న లెక్క యంతయు వ్రాసియున్న చిట్టా ఆవర్జాలు ఆయన పెట్టెలో నుండెడివి. చదువురాని రైతు వ్రేలిముద్ర వేయుటయే గాని, అందేమున్నదో యెరుగడు. కల్లములో రాశి కొలిచిన నాడు ఆయన చెప్పినదే బాకీ, ఆయన కట్టినదే ధర. పిడికెడు కొసరు వేసిన చేయియే పంట కాలమున పుట్లకొలది ధాన్యమును తీసికొని పోయిన యిండ్లు మన పల్లెలలో కొల్లలు. ఇందు దోషమంతయు మనుష్యునిది కాదు. ఒకరు వ్రాయగా వేరొకరు చదువజాలని పుస్తకమునందే అది యున్నది.

తరువాత కాలము మారినది. 1957 ఏప్రిలు 1వ తేదీన నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరు నుండి క్రమముగా కిలోలు, పిమ్మట లీటర్లు, మీటర్లు అమలై, ఊరికొక మానిక యను వింత పోయినది. పొట్లముపై నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారుచేసినవారి పేరు ముద్రింపవలెనని నియమము లేర్పడినవి. 2009 నాటి తూనికలు కొలతల చట్టము క్రింద అవి నేడు నడచుచున్నవి. కొనువానికిది గొప్ప మేలు. పట్టణములలో పెద్ద దుకాణములు వెలసినవి. అచ్చట మనమే బండి త్రోసికొనుచు సరకు లేరుకొందుము. చేతిలోని ఫోనులోనే అంగడి యున్నది. కోరిన వస్తువు ఇంటి వాకిటికి వచ్చుచున్నది. బేరము లేదు, కొసరును లేదు. రసీదు మాత్రము తప్పక యిచ్చుచున్నారు.

అయినను ఇచ్చటను మెలకువ వలయును. ధర మార్పక పొట్లములోని బరువును తగ్గించు పద్ధతి యొకటి కలదు. 10 రూపాయల పొట్లము నిరుడును 10 రూపాయలే, ఈ యేడును 10 రూపాయలే. గ్రాములు మాత్రము తక్కువై యుండును. ఇది పూర్వపు చదును కొలతయే గదా! మరియు ఫోను అంగడి మనమేమి కొంటిమో, ఎప్పుడు కొంటిమో, దేనిని చూచి మానితిమో సర్వమును వ్రాసికొనుచున్నది. శెట్టిగారి పుస్తకము ఊరిలోనైన నుండెను. ఈ పుస్తకమెచ్చట నున్నదో కూడ మనకు తెలియదు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. ఉప్పు పప్పుల విషయమున కాలము మారినను, విత్తనము, ఎరువు, పురుగుమందు అమ్ము అంగడి యొద్ద మన రైతులలో పెక్కుమంది ఇంకను తాతల కాలమునందే యున్నారు. అరువున తెచ్చుట, అంగడివాడు తన పుస్తకమున వ్రాసికొనుట, పంట రాగానే ఆ పంటను అతనికే వేయుట, ఈ మూడును నేటికిని నడచుచున్నవి. ఒక చిన్న లెక్క చూతము. 20,000 రూపాయల సరకు 6 నెలల అరువున తెచ్చి, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ కట్టినచో 2,400 రూపాయలగును. అదే సొమ్మును సంఘము ద్వారా పంటరుణముగా తీసికొన్నచో, 3 లక్షల రూపాయల లోపు స్వల్పకాలిక రుణములకు గల 7 శాతము వడ్డీ చొప్పున 700 రూపాయలు. గడువులో చెల్లించినవారికి గల 3 శాతము రాయితీ పోగా 400 రూపాయలే. అరువు సరకునకు ధర హెచ్చుగా వేయుట, పంటకు ధర తక్కువగా కట్టుట అనునవి ఈ లెక్కలో మేము చేర్చలేదు.

వడ్డీకంటెను పెద్ద నష్టము రసీదు లేకపోవుట. ఇది పరులకు చెప్పు నీతి కాదు. మేమే పొందిన యనుభవము. ఒక యేడు మిరప విత్తనములను అరువున తెచ్చితిమి. రసీదడుగుటకు మొగమోటపడి, పుస్తకములో వ్రాయించి వచ్చితిమి. మొలక సగమే వచ్చినది. పోయి అడుగగా, ఏ రకము, ఏ లాటు, సంచి యేదని ప్రశ్నించిరి. సంచులు పారవేసియుంటిమి. పుస్తకమున రూకల లెక్క యున్నది గాని విత్తనము పేరు లేదు. మా బాకీకి ఆ పుస్తకము సాక్ష్యమైనది. మా నష్టమునకు కాలేదు. బాకీ వడ్డీతో చెల్లించితిమి.

సభ్యులు గుర్తింపవలసిన దేమనగా, అరువు సరకునకు రసీదు లేదనుట శుద్ధ తప్పు. 1983 నాటి విత్తనముల నియంత్రణ ఉత్తర్వు ప్రకారమును, 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారమును, నగదైనను అరువైనను అమ్మినవాడు రసీదు ఇచ్చి తీరవలెను. నిలువయు ధరలును పలకపై అందరికి కనబడునట్లు వ్రాయవలెను. విత్తనములు కొనిన రైతు వినియోగదారుడే యనియు, నష్టమునకై వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చుననియు 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యములు మన తెలుగు జిల్లాల రైతులవే. 5 లక్షల రూపాయల లోపు విలువగల వ్యవహారమునకు అచ్చట రుసుము కూడ లేదు. ఇంత హక్కును ఒక కాగితపు ముక్క అడుగుటకు మొగమోటపడి పోగొట్టుకొనుచున్నాము.

ఇక మూడవ రకపు అంగడి యొకటి కలదు. కొనువారే దానికి యజమానులు. 1844 డిసెంబరులో ఇంగ్లండు దేశపు రోచ్‌డేల్ అను మిల్లుల పట్టణమున 28 మంది శ్రామికులు 28 పౌనుల మూలధనముతో పిండి, చక్కెర, వెన్న, క్రొవ్వొత్తులు మొదలగు కొద్దిపాటి సరకు పెట్టి దుకాణము తెరచిరి. కల్తీలేని సరకు, నిండు తూకము, నగదు వ్యాపారము వారి నియమములు. మిగిలిన లాభమును, ఎవరెంత కొనిరో ఆ చొప్పున వారికే పంచిరి. మన భాషలో చెప్పవలెనన్న అదియును కొసరే. కాని శెట్టిగారి కొసరు ఆయన దయ; ఈ కొసరు సభ్యుని హక్కు, అందరి యెదుట చదివిన లెక్కనుండి వచ్చినది. మన దక్షిణదేశమున చెన్నపట్టణపు తిరువల్లిక్కేణిలో 1904లోనే ఇట్టి సంఘము వెలసినది. 1904 నాటి చట్టము పరపతి సంఘములకే పరిమితము కాగా, 1912 నాటి చట్టము అమ్మకము కొనుగోలు సంఘములకును దారి తీసినది. 1956లో విశాఖపట్టణమున నెలకొనిన గిరిజన సహకార కార్పొరేషను ఏజెన్సీ గ్రామములలో అడవి ఫలసాయమును కొనుచు, నిత్యావసర వస్తువులను అమ్ముచున్నది. 1999లో మొదలైన రైతు బజారులలో పూర్వపు సంతవలె రైతే అంగడివాడైనాడు.

అయితే సంఘపు అంగళ్లు నిలిచినవెన్ని, మూతపడినవెన్ని? రెండవ ప్రపంచయుద్ధ కాలమున, కంట్రోలు సరకులకై మద్రాసు రాష్ట్రమున సహకార స్టోర్లు వందలకొలది లేచినవి. కంట్రోలు తొలగగానే వానిలో పెక్కు క్షీణించినవి. కరవు సరకుకై వచ్చినవారు సరకు సమృద్ధి కాగానే వెడలిపోయిరి. నేడు మనము చేయుచున్న దేమి? యూరియా దొరకని దినములలో సంఘపు గడప యెదుట చెప్పులు వరుసలో పెట్టుదుము. యూరియా సమృద్ధిగా నున్నపుడు అటు తొంగి చూడము. విత్తనము వేరొకచోట, మందు మరియొకచోట, అరువు ఇంకొకచోట. ఇట్లు చేయుచు సంఘమునకు లాభము లేదని మనమే నిష్ఠూరము లాడుదుము.

సంఘమునందు లోపములు లేవని మేమనము. తలుపు ఆలస్యముగా తీయుదురు. కావలసిన మందు ఉండదు. మాట కటువుగా నుండును. ఇవి నిజమే. కాని బయటి యంగడిలో ఇట్టి లోపములను చెప్పుటకు మనకు చోటు లేదు. ఇచ్చట మహాజనసభ యున్నది. అందుచే రాబోవు మహాజనసభలో సభ్యులు ఈ నాలుగు తీర్మానములను కోరవలెనని మా యభిప్రాయము.

మొదటిది: సంఘపు దుకాణమున నిలువ, ధరల పలకను ప్రతిదినము వ్రాయవలెను. రెండవది: సరకు నగదునకే అమ్మవలెను, అవసరమైనవారికి పంటరుణము ముందుగా మంజూరు కావలెను. అరువును సరకును కలిపిన చోటనే లెక్క చీకటి యగును. మూడవది: ప్రతి విత్తనపు రసీదుపైనను రకము, లాటు సంఖ్య వ్రాయవలెను, పంట చేతికి వచ్చువరకు సంచిని, రసీదును దాచవలసినదని రైతుకు చెప్పవలెను. నాల్గవది: ఏటేట లెక్క తనిఖీయైన పిమ్మట, మిగులులో చట్టమును నిబంధనావళియు అనుమతించినంత భాగమును కొనుగోలును బట్టి సభ్యులకు పంచవలెను.

రైతు సోదరులారా! ఈ యేరువాకకు మీరు ఏ యంగడి గడప యెక్కినను రసీదు లేక దిగకుడు, సంచులు పారవేయకుడు. మహాజనసభ నాడు పొలము పని యొక్క పూట ఆపి వచ్చి, మన దుకాణపు లెక్కను బిగ్గరగా చదివించి వినుడు. అర్థము కానిచోట ఆపి అడుగుడు. తాతల నాడు మనవారికి ఆ యవకాశము లేకుండెను. మనకున్నది.