పుట్టికి మన భాషలో పేరు లేదా?

తుంగభద్ర ఒడ్డున మూడు రోజుల కాలినడక, నడుమ నడుమ నదిలో పుట్టి ప్రయాణం, దారి పొడవునా వివరించి చెప్పే మార్గదర్శి. కిందటి శీతాకాలం మా కుటుంబం డబ్బు కట్టి వెళ్లిన విహారయాత్ర ఇది. మాది బళ్లారి. మా అక్క అనంతపురం జిల్లా నుంచి వచ్చింది. మొత్తం పద్నాలుగు మందిమి నడిచాం. అందులో పదిమంది తెలుగువాళ్లం, ముగ్గురు కన్నడిగులు, ఒకరు ఉత్తరాదివారు. మార్గదర్శి మూడు రోజులూ ఇంగ్లీషులోనే మాట్లాడాడు.

రెండో రోజు తళవారఘట్ట దగ్గర ఆనెగొంది వైపు దాటడానికి పుట్టి ఎక్కాం. ఎలా కూర్చోవాలో, ఎప్పుడు కదలకూడదో అతను గట్టుమీదే ఇంగ్లీషులో గబగబా చెప్పేశాడు. అరవై దాటిన మా అక్కకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నలుగురిలో అడగడానికి మొహమాటపడింది. నది నడుమ గుట్టలను చూద్దామని లేచి నిలబడింది. పుట్టి ఒక పక్కకు ఒరిగింది. ‘లేయొద్దమ్మా, కూచో! నడిమికి జరుగు!’ అని తెడ్డు వేస్తున్న మనిషి అరిచాడు. అక్క చప్పున కూర్చుంది. చేతిసంచి నీళ్లపాలైంది. అంతకు మించి కీడు జరగలేదు.

గట్టు చేరాక ఆయనను అడిగాను: ‘తెలుగు ఇంత బాగా వస్తుంది కదా నాయనా, ముందే చెప్పకపోయావా?’ ‘చెప్పే పని ఆయనది సార్. మమ్మల్ని తెడ్డు మాత్రం వేయమన్నారు’ అన్నాడు.

ఆ జవాబే నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నది. నదిని ఎరిగినవాడు, ప్రయాణికుల భాష ఎరిగినవాడు నోరు మూసుకొని తెడ్డు వేయాలి. ఆ రెండూ అక్కరలేదనుకున్నవాడు మాట్లాడాలి. ఇది వినోదానికి సంబంధించిన చిన్న విషయమని కొట్టిపారేయగలమా? ప్రాణాలకు సంబంధించిన సూచనను ప్రయాణికునికి తెలియని భాషలో చెప్పడం చెప్పకపోవడంతో సమానం.

మార్గదర్శి ఆ పడవను మూడు రోజులూ ‘కోరకిల్’ అన్నాడు. మన వాడుకలో అది పుట్టి. మన నిఘంటువుల్లో అరిగోలు. కన్నడంలో హరిగోలు. రెండు భాషలూ ఒకే తల్లి బిడ్డలని ఆ పదాలే సాక్ష్యం చెబుతున్నాయి. సుమారు 1520లో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, జనం ఆనెగొందికి దాటే గుండ్రటి బుట్ట పడవలను వర్ణించాడు. లోపల బెత్తం, బయట తోలు, సూటిగా పోలేక తిరుగుతూ పోతాయని రాశాడు. అయిదు వందల ఏళ్లుగా ఈ నీటిమీద తిరుగుతున్న పడవకు, దాని గట్టుమీదే మన పేరు లేకుండా పోయింది.

‘కోరకిల్’ అన్న మాట అసలు ఇంగ్లీషుదే కాదు. అది బ్రిటన్‌లోని వేల్స్ ప్రజల వెల్ష్ భాష నుంచి వచ్చింది. ఆ వేల్స్ సంగతి మనం తెలుసుకోదగ్గది. అక్కడ 2012లో దేశపు సముద్రతీరం పొడవునా దాదాపు 1,400 కిలోమీటర్ల కాలిబాటను తెరిచారు. రోజుల తరబడి తీరం వెంట నడిచి, సముద్రంలో కయాక్ పడవలు నడిపే విహారయాత్రలకు ఆ తీరం పేరుపొందింది. ఆ బాట పేరు వెల్ష్‌లోనూ ఉంది, ఇంగ్లీషులోనూ ఉంది. 2021 జనగణన ప్రకారం వేల్స్‌లో వెల్ష్ మాట్లాడేవారు సుమారు 5 లక్షల 38 వేల మంది, అంటే మూడేళ్లు, ఆపై వయసు జనాభాలో 17.8 శాతం. ఒకప్పుడు బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో అవమానపు చెక్కపలకలు వేలాడదీసిన దేశమది. 2011లో చట్టం చేసి ఆ భాషకు అధికార హోదా ఇచ్చుకున్నారు. వాళ్ల భాషలో బాట పేరు చూసి యాత్రికులు పారిపోలేదు.

2011 జనగణన ప్రకారం మనం 8 కోట్ల 11 లక్షల మందిమి. 2008లో ప్రాచీన భాష హోదా పొందినవాళ్లం. నేను నడిచిన మూడు రోజుల దారిలో తెలుగు పలక ఒక్కటి కనబడలేదు.

భాష పోతే దానితోపాటు ఏమి పోతుందో ఆ నడకలోనే చూశాను. కృష్ణాలయం ముందు నిలబెట్టి మార్గదర్శి శిల్పాల గురించి చెప్పాడు. కృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను జయించి, అక్కడి నుంచి తెచ్చిన బాలకృష్ణ విగ్రహం కోసం ఆ గుడి కట్టించాడని చెప్పలేదు. ఉదయగిరి నెల్లూరు సీమలోనిది. మా గుంపులో నెల్లూరు దంపతులు ఉన్నారు! రాయలు ఆముక్తమాల్యదను తెలుగులో రాసిన కవి అన్న ఊసే లేదు. తెనాలి రామకృష్ణుడు వట్టి హాస్యగాడయ్యాడు. పాండురంగ మాహాత్మ్యం రాసిన మహాకవి మాయమయ్యాడు. ఈ మహానగర పతనాన్ని బళ్లారిలో కూర్చొని తెలుగు నాటకంగా రాసిన కొలాచలం శ్రీనివాసరావు పేరు, దేశమంతా మెచ్చిన మా నటుడు బళ్లారి రాఘవ పేరు ఆ కుర్రవానికి ఎవరూ చెప్పి ఉండరు. తప్పు అతనిది కాదు, అతనికి అలా నేర్పి పంపినవారిది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. నా పోరు కన్నడంతో కాదు. విరూపాక్షాలయంలోని 1510 నాటి రాయల శాసనం సంస్కృతంలోనూ కన్నడంలోనూ ఉంది. హంపి శాసనాల్లో కన్నడం, సంస్కృతం, తెలుగు, తమిళం నాలుగూ ఉన్నాయి. ఆ గడ్డమీద కన్నడానికి ఉన్న అగ్రస్థానాన్ని కాదనే తెలివితక్కువవాణ్ణి కాను. మాతో నడిచిన ముగ్గురు కన్నడిగులు కూడా మాలాగే దిక్కులు చూశారు. వారి నేలమీద, వారి భాష కూడా ఆ మూడు రోజులు మూగదైంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. బళ్లారితో సహా మిగిలినవి మైసూరులో చేరాయి. హంపి 2021 వరకు మా బళ్లారి జిల్లాలోనిదే. ఇప్పుడు విజయనగర జిల్లాలో ఉంది. సరిహద్దు గీతలు మారినా, ఇక్కడి ఇళ్లలో, అంగళ్లలో, పడవల్లో మాట్లాడే భాషలు మారలేదు.

‘ఇంగ్లీషు అయితేనే వ్యాపారం నడుస్తుంది’ అంటారు. మా పద్నాలుగు మందిలో పదముగ్గురికి మాతృభాష తెలుగో కన్నడమో. డబ్బు కట్టినవాడి భాషలో సరుకు అమ్మని వ్యాపారం ఏ సంతలో ఉంది? అయినా నిజం ఒప్పుకోవాలి. ‘తెలుగులో చెప్పు నాయనా’ అని మొదటి రోజే మేము పదిమందిమీ అడగలేదు. అర్థమైనట్టు తలలు ఊపాం. నేనూ ఊపాను. అక్క మొహమాటం వెనుక మా అందరి మొహమాటం ఉంది.

అందుకే అడగవలసినవి అడుగుతున్నాను. నీటి ప్రయాణానికి సంబంధించిన జాగ్రత్తలు కన్నడంతోపాటు తెలుగులోనూ చెప్పాలి, రాసి పెట్టాలి. హంపిలో తెలుగు వివరణ పలకలు పెట్టాలి. మార్గదర్శుల శిక్షణలో తెలుగుకు చోటివ్వాలి. రెండు భాషలూ నోటనున్న ఈ ప్రాంతపు యువతకు, పుట్టి నడిపే కుటుంబాల పిల్లలకు, ఆ కొలువుల్లో ముందు వరస దక్కాలి. అప్పుడు భాషా బతుకుతుంది, మనిషీ బతుకుతాడు.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నపం పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. నా విన్నపాన్ని కర్ణాటక పర్యాటక శాఖకు తెలుగులోనే రాసి పంపాను. హంపికి వెళ్లి వచ్చిన ప్రతి పాఠకుడూ ఒక్క కార్డు ముక్క రాయండి. ఈసారి వెళ్లినప్పుడు మార్గదర్శి నోరు విప్పకముందే ‘తెలుగులో చెప్పండి’ అని అడగండి. అతనికి రాదంటే, తెడ్డు వేసే మనిషిని మాట్లాడనివ్వమనండి.