ధర్మాసుపత్రి యెవరి ధర్మము?

ప్రభుత్వ వైద్యశాలకు మన జనులు పెట్టిన పేరు ధర్మాసుపత్రి. ధర్మసత్రమువలెను, ధర్మదర్శనమువలెను ఇదియు నొకరు దయతలచి పెట్టగా వేఱొకరు చేయిచాచి పుచ్చుకొను వస్తువని యీ పేరు విన్నవారికి తోచును. ధర్మమను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. వీధిలో బిచ్చగాడు "ధర్మం చెయ్యండి బాబూ" యన్నప్పు డది భిక్ష. రాజధర్మ మన్నప్పు డది చేసి తీరవలసిన విధి. ఆసుపత్రి విషయమున మనము మొదటి యర్థమునే పట్టుకొని కూర్చుంటిమి. అచ్చట రోగి పడు నగచాట్లలో పెక్కింటికి మూల మిదియే యని నా వాదము.

అనంతపుర మండలపు రోగిని తలచుకొనుడు. అచ్చట సంవత్సరమున కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. బావు లెండినవి, బోరులు వేసి యప్పులపాలైన కుటుంబములు ఊరూరను గలవు. వాననే నమ్ముకొన్న వేరుసెనగ తప్ప బీదరైతునకు వేఱు దిక్కు లేదు. అట్టివానికి ఆషాఢమున కాలిమీద పుండు లేచినచో "విత్తనము పడనీ, తరువాత చూచుకొందము" అనును. వాన రాదు, విత్తనము పడదు, పుండు మాత్ర మాగదు. తుదకు బస్సెక్కి, తన కూలియు, వెంటవచ్చిన కొడుకు కూలియు పోగొట్టుకొని, బారులో నిలిచి ఓ.పీ. చీటీ సంపాదించి వైద్యుని యెదుటికి పోగా, వినబడు మొదటి మాట "ఇన్నాళ్లు ఏం చేస్తున్నావు?" అనునది. వానకొఱకు చూచుచుంటినని చెప్పుటకు వానికి నోరు రాదు. చెప్పినను విను తీరిక యా వైద్యునకు లేదు; వాని వెనుక ఇంకను నూర్గురు నిలిచియున్నారు.

ఇందు వైద్యు నొక్కనినే దూషించుట న్యాయము కాదు. ఇద్దఱు చేయవలసిన పని నొక్కనిచే చేయించు ప్రభుత్వమే యా విసుగును వాని నోట పలికించుచున్నది. కాని యా 'నువ్వు' సంగతి వేఱు. అరువదియేండ్ల రైతును చూచి, వాని మనుమని యీడు కుఱ్ఱవాడు "ఏమయ్యా, నువ్వు అవతల నిలబడు" అనును. అదే రైతు భూమి తాకట్టుపెట్టి ప్రైవేటు వైద్యశాల మెట్లెక్కెనేని "రండి, కూర్చోండి" యందురు. ఏకవచన బహువచనములను మనము వయసునుబట్టియు, పెద్దఱికమునుబట్టియు వాడుదుమని పిల్లలకు నేర్పుచున్నాము. ఆసుపత్రిలో వానిని రూపాయలనుబట్టి వాడుచున్నాము. పని యొత్తిడి దీనికి సమాధానము కానేరదు. 'మీరు' అనుటకు 'నువ్వు' అనుటకన్న నెక్కువ కాలము పట్టదు గదా!

"ఊరకనే యిచ్చుచుండగా మర్యాదలు గూడనా?" యని చదువుకొన్నవారే యడుగుట నేను వినియున్నాను. ఊరక యిచ్చుచున్న దెవరు? దుక్కిదున్ను ట్రాక్టరులో పోయు డీజిలుమీదను, కాలి చెప్పుమీదను, చేతి సెల్‌ఫోనుమీదను ఆ రైతు పన్ను చెల్లించియే యున్నాడు. ఆదాయపుపన్ను కట్టువారము గనుక దేశమును మనమే పోషించుచున్నామని భ్రమపడుట మనకు పరిపాటియైనది.

ఇది క్రొత్త వాదమును గాదు. 1943లో నియమింపబడిన భోర్ సంఘము 1946లో సమర్పించిన నివేదికలో, రుసుము చెల్లింపలేని కారణమున ఏ మనుష్యునకును తగిన చికిత్స లేకపోరాదని విధించినది. 1992లో వంగదేశమున కూలీల సంఘమునకు చేరిన యొకడు రైలునుండి పడి తల పగులగొట్టుకొనగా, ప్రభుత్వ వైద్యశాలలు ఒకదాని తరువాత నొకటి చోటు లేదని త్రిప్పిపంపినవి. తుదకు వాడు సొంత సొమ్ముతో ప్రైవేటు వైద్యశాలలో బ్రదికెను. ఆ వ్యాజ్యెమున సుప్రీముకోర్టు 1996లో తీర్పు చెప్పుచు, సకాలమున చికిత్స చేయకుండుట జీవించు హక్కునకు భంగమనియు, ధనము లేదను సాకు ప్రభుత్వమునకు చెల్లదనియు నిర్ణయించి, 25,000 రూపాయల పరిహార మిప్పించినది. ఈ మాట లా రైతున కెవరు చెప్పిరి? వార్డు గోడలమీద నిశ్శబ్దము పాటింపుడని వ్రాసియుండును. నీ కిది హక్కని వ్రాసియుండదు.

ఆ కరువునేల దాతలకు ఋణపడియున్న మాట నిజమే. 1969లో అనంతపురము చేరిన స్పెయిను దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన సంస్థ బత్తలపల్లిలోను, కళ్యాణదుర్గములోను, కణేకల్లులోను వైద్యశాలలు నెలకొల్పినది. 1991లో పుట్టపర్తియొద్ద వెలసిన సత్యసాయి వైద్యశాలలో బీదల గుండెకు శస్త్రచికిత్సలు రుసుము లేక జరిగినవి. వీరికి చేతులెత్తి మ్రొక్కుదము. దాతకు కృతజ్ఞత చూపుట యుచితము. కాని మన సొమ్ము మనకే వెచ్చించు ప్రభుత్వము కృతజ్ఞత నాశించుట యేమి నీతి? ఈ భేదమును చెఱిపివేసినవారు పాలకులే. 2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ పథకము మొదలైన మూడు జిల్లాలలో అనంతపుర మొకటి. పెద్దరోగములకు కార్డు చూపినచో ప్రైవేటు వైద్యశాలలోనైనను ప్రభుత్వమే ఖర్చు చెల్లించును. దానివలన ప్రాణము దక్కినవా రనేకులు, దానిని కాదనను. కాని దాని పేరు చూడుడు! రాజీవ్ పేర పుట్టి, ఆంధ్రప్రదేశమున 2014 పిమ్మట ఎన్.టి.ఆర్. పేరై, 2019లో వై.ఎస్.ఆర్. పేరై, 2024లో మరల ఎన్.టి.ఆర్. పేరైనది. చలివేంద్రము పెట్టినవాడు పందిరికి తన తండ్రి పేరు కట్టుకొనుట కలదు. నీరు వాని బావిది గనుక చెల్లును. ఈ బావి యెవరిది?

ఇక మన సంగతి. ప్రభుత్వ వైద్యశాల బోర్డుమీద నుండు పేరు 'సర్వజన' వైద్యశాల. ఆ సర్వజనులలో మనము లేము. జలుబు చేసినను ప్రైవేటు వైద్యునికడకు పోవుదుము. పెద్దజబ్బు వచ్చినచో బెంగుళూరు పోవుదుము. నోరున్నవారము, అర్జీ వ్రాయగలవారము, పత్రికలకెక్కగలవారము అందఱమును వెడలిపోగా, అచ్చట మిగిలినవారు నోరెత్తలేనివారు. మరుగుదొడ్డిలో నీరు లేదని వా రెవరితో చెప్పుదురు? మందు బయట కొనుక్కొమ్మని చీటీ వ్రాసియిచ్చినచో ఎవరి నడుగుదురు? పెద్ద వైద్యశాలలకు అభివృద్ధి సంఘములు కలవు. అవి యెప్పుడు కూడినవో, ఏమి తీర్మానించినవో కనుగొనుట మనబోటివారు చేయదగిన పని.

అంత తీరిక లేనివారు ఇంకొకటి చేయవచ్చును. ఇంటిలో పనిచేయు స్త్రీకి జ్వరము తగిలినప్పుడు చేతిలో ఇన్నూరు రూపాయలు పెట్టి పంపక, ఒకమాఱు వెంట పోయి ప్రభుత్వ వైద్యశాలలో ఆమె ప్రక్కన నిలువుడు. ఆనాడు మిమ్ము చూచి ఆమెను 'మీరు' అందురు. మఱునా డామె యొంటరిగా పోయివచ్చిన పిదప, ఏమని పిలిచిరో సాయంకాల మామెనే యడుగుడు.